ఈ గట్టున మంత్రి, ఆ గట్టున డైరెక్టరు

"దేశాన్ని ఒక కంపెనీని నడిపినట్టు నడపాలి" అనే మాటకు మన చదువుకున్నవాళ్ళలో ఉన్నంత గౌరవం బహుశా మరే రాజకీయ వాక్యానికీ లేదు. నాయకులంటే వెగటు పుట్టిన ప్రతి సాయంత్రమూ ఎవరో ఒకరు ఈ మాట అంటారు, చుట్టూ ఉన్నవారు తలలూపుతారు. ఈ మాట తప్పని నా వాదన. దాన్ని నిరూపించడానికి అవినీతిపరుడైన ఒక కంపెనీ పెద్దను తీసుకొచ్చి బోనులో నిలబెట్టడం సులువు. కాని దొంగ మీద గెలిచిన వాదం దొంగతనాన్ని గురించే తప్ప ఆ వాక్యాన్ని గురించి ఏమీ చెప్పదు. అందుకని ఆ రకంలో ఉత్తముణ్ణే ఎంచుకుంటాను. సమర్థుడు, మచ్చలేనివాడు, పని తెలిసినవాడు. ఇటలీకి చెందిన విత్తోరియో కొలావో.

పేరు వినగానే గుర్తురాని మిత్రులకు ఒక ఆనవాలు. 2007లో మన వీధుల్లో హచ్ బోర్డులు రంగు మారి ఎర్రటి వోడాఫోన్ బోర్డులైనాయి కదా, ఆ కంపెనీకి మరుసటి ఏడాది నుంచి పదేళ్ళపాటు అధిపతిగా ఉన్నది ఈయనే.

1961లో ఉత్తర ఇటలీలోని బ్రెషాలో పుట్టాడు. మిలాన్‌లోని బొక్కోని విశ్వవిద్యాలయంలో పట్టా, హార్వర్డులో ఎంబీఏ, మధ్యలో కారబినియేరి దళంలో అధికారిగా సైనిక సేవ, ఆపైన మెకిన్సీ సలహా సంస్థ మిలాన్ కార్యాలయంలో పదేళ్ళు. ఇటలీలో పెద్ద కుర్చీలకు వెళ్ళే రాచబాట దాదాపు ఇదే. మారియో మోంతి చదివిందీ బొక్కోనిలోనే, కొర్రాదో పస్సేరా నడిచిందీ బొక్కోని, మెకిన్సీల మీదుగానే. 1996లో ఒలివెట్టి సంస్థ పుట్టించిన ఓమ్నిటెల్ అనే మొబైల్ కంపెనీలో కొలావో చేరాడు, 1999లో దానికి అధిపతి అయ్యాడు. ఆ ఓమ్నిటెల్‌ను జర్మనీకి చెందిన మానెస్‌మన్ కొంది, మానెస్‌మన్‌ను 2000లో వోడాఫోన్ మింగింది. చేప కడుపులో చేపలాగా కొలావో కూడా వోడాఫోన్‌లోకి వచ్చి పడ్డాడు.

2004లో వోడాఫోన్‌ను వదిలి, "కొరియెరే దెల్లా సేరా" పత్రికను ప్రచురించే ఆర్‌సీఎస్ సంస్థకు అధిపతిగా వెళ్ళాడు. బ్యాంకులూ, కార్ల కంపెనీలూ, టైర్ల కంపెనీలూ కలిసి వాటాలు పెట్టుకుని నడిపిన పత్రికా సంస్థ అది. అక్కడి పెద్దలతో పొసగక రెండేళ్ళకే బయటికొచ్చి 2006లో తిరిగి వోడాఫోన్‌లో చేరాడు. ఈ ఒక్క ఘట్టంలోనూ ఆయన మీద నాకు గౌరవం కలుగుతుంది. ఇటలీ ధనికుల చావడిలో ఇమడలేకపోవడం చెడ్డ లక్షణమేమీ కాదు.

2008 జూలైలో, ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన అరుణ్ సరీన్ దిగిపోయి కొలావో వోడాఫోన్ పీఠమెక్కాడు. ఆయన పేరు ఆర్థిక చరిత్రలో నిలిచేది ఒక అమ్మకం వల్ల. అమెరికాలోని వెరైజన్ వైర్‌లెస్‌లో వోడాఫోన్‌కున్న 45 శాతం వాటాను 13,000 కోట్ల డాలర్లకు వెరైజన్‌కే అమ్మేశాడు. 2013 సెప్టెంబరులో ప్రకటన, 2014 ఫిబ్రవరిలో ముగింపు. అందులో సుమారు 8,400 కోట్ల డాలర్లు వాటాదారుల చేతికి తిరిగి వెళ్ళాయి. బ్రిటన్ కంపెనీ చేసిన ఇంత పెద్ద అమ్మకం మీద బ్రిటన్ ఖజానాకు పన్ను రూపంలో చేరింది శూన్యం. వాటా ఒక డచ్చి అనుబంధ సంస్థ చేతిలో ఉండడమూ, పెద్ద వాటాల అమ్మకానికి బ్రిటన్ చట్టమే మినహాయింపు ఇవ్వడమూ అందుకు కారణాలు. అంతా చట్టబద్ధమే. వాటాదారుకు పైసా ఎక్కువ తేవడం నిర్వాహకుడి ధర్మం, ఆ ధర్మాన్ని ఆయన చక్కగా నెరవేర్చాడు. ఈ మాటను ఇక్కడ గుర్తుపెట్టుకోండి, ముందు అవసరమవుతుంది.

ఇక మన సంగతి. హచ్ వ్యాపారంలో 67 శాతాన్ని 2007లో సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది సరీన్ కాలంలో. దాని వెంట వచ్చిన పన్ను తగాదాను మోసింది కొలావో. కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ వాటా చేతులు మారింది గనక భారతదేశానికి పన్ను రాదని వోడాఫోన్ వాదన, ఆస్తి ఇక్కడుంది గనక వస్తుందని మన ఆదాయపు పన్ను శాఖ వాదన. మొత్తం పదకొండు వేల కోట్ల రూపాయలకు పైమాటే. 2012 జనవరి 20న సుప్రీం కోర్టు వోడాఫోన్ పక్షాన తీర్పు చెప్పింది. కొన్ని నెలలు తిరక్కుండానే ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ చట్టాన్నే వెనకటి తేదీ నుంచి మార్చారు. 2020లో హేగ్ మధ్యవర్తులు మళ్ళీ వోడాఫోన్‌కే అనుకూలంగా చెప్పారు, 2021లో మన పార్లమెంటు ఆ వెనకటి తేదీ పన్నును తీసేసింది. వెనక్కి వెళ్ళి పన్ను వేయడం నాకూ నచ్చదు. కాని ఆ పదేళ్ళలోనూ కొలావో కూర్చున్నది ఒక సర్వసత్తాక ప్రభుత్వానికి ఎదుటి బల్ల దగ్గర. ప్రభుత్వాలతో బేరమాడడం, వాటి మీద వ్యాజ్యం నడపడం, స్పెక్ట్రం ధర తగ్గించమని అడగడం ఆయన వృత్తిలో భాగం. అలాంటి వృత్తిలో పండిన మనిషి రేపు బల్లకు ఇవతలికి వచ్చి కూర్చుంటే ఏమవుతుందన్నది నా ప్రశ్న.

దానికి ముందు సామర్థ్యం అనే మాటను కాస్త తరిచి చూద్దాం. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఆ నవంబరులోనే వోడాఫోన్ తన భారత వ్యాపారం విలువను లెక్కల్లో సుమారు 500 కోట్ల యూరోలు తగ్గించుకుంది. 2017 మార్చిలో ఐడియాతో విలీనం ప్రకటించారు, 2018 ఆగస్టు చివర అది పూర్తయింది, అక్టోబరులో కొలావో దిగిపోయాడు. దిగిన రోజున పత్రికల్లో పొగడ్తలే. మరుసటి ఏడాది మేలో వోడాఫోన్ డివిడెండును 40 శాతం కోసింది. అదే 2019 అక్టోబరులో స్థూల ఆదాయపు బకాయిల మీద సుప్రీం కోర్టు తీర్పుతో వోడాఫోన్ ఐడియా కుదేలైంది. చెల్లించలేని బాకీలను వాటాలుగా మార్చుకుంటూ మార్చుకుంటూ 2023లో మూడోవంతుకు, 2025లో 49 శాతానికి భారత ప్రభుత్వమే దానిలో అతిపెద్ద వాటాదారు అయింది! పన్ను కోసం పదేళ్ళు పోరాడిన ప్రభుత్వం చివరికి కంపెనీలోనే భాగస్వామి కావడం కంటే పెద్ద ప్రహసనం మన ప్రహసనకర్తలెవరూ రాయలేదు.

ఇదంతా కొలావో చేతగానితనమని నేననను. జియోను ఆపగలిగినవాడు అప్పటికి ఎవడూ లేడు. నే చెప్పేదేమంటే, కంపెనీ అధిపతి లెక్క ఆయన దిగిన రోజుతో ముగుస్తుంది. విత్తినవాడూ కోసినవాడూ ఒకడే కానక్కరలేదు. పొలం బీడైతే కొత్తగా వచ్చినవాడు తంటాలు పడతాడు. ప్రజల విషయంలో ఈ సౌకర్యం లేదు. నష్టపు శాఖను లెక్కల్లోంచి తీసేసినట్టు కలాబ్రియానో, సిసిలీనో ఇటలీ తీసెయ్యలేదు. ఉద్యోగిని తొలగించవచ్చు, పౌరుణ్ణి తొలగించలేం. దేశాన్ని కంపెనీలా నడపాలనే మిత్రులు ఈ చిన్న తేడాను ఎందుకు చూడరో నాకెప్పుడూ ఆశ్చర్యమే.

2020 వసంతం. కరోనాతో ఇటలీ వణికిపోతున్న వేళ, ఏప్రిల్ 10న ప్రధాని జుసెప్పే కోంతె ఒక నిపుణుల సంఘాన్ని ప్రకటించి దానికి కొలావోను అధ్యక్షుణ్ణి చేశాడు. మూతబడిన దేశాన్ని ఎలా తెరవాలో, ఆపైన ఎలా లేపాలో చెప్పడం వారి పని. రాజ్యమే అసలైన పెట్టుబడిదారని వాదించే ఆర్థికవేత్త మరియానా మత్సుకాతో కూడా అందులో సభ్యురాలు. మొదట ఆడవాళ్ళు మరీ తక్కువగా ఉన్నారని గోల రేగితే తరవాత మరికొందరిని చేర్చారు. జూన్‌లో 102 ప్రతిపాదనల నివేదిక వచ్చింది. కోంతె దాన్ని మర్యాదగా అందుకుని, విల్లా పాంఫిలి అనే పాత సౌధంలో వారం రోజులు సమావేశాల పందిరి వేసి, నివేదికను అటక మీద పెట్టాడు. పనిచేసినవాళ్ళ మీద జాలిపడవలసిన సంగతే. మన దగ్గర సంఘాల నివేదికలకు పట్టే గతి రోములోనూ పడుతుందని తెలిసి ఒక రకమైన సోదరభావం కూడా కలిగింది.

కాని ఆ నూటరెండింటిలో ఒక ప్రతిపాదన దగ్గర ఆగుదాం. నా వాదన బరువంతా దీని మీదే.

మొబైల్ స్తంభాల నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగాల తీవ్రతకు ఇటలీలో అప్పట్లో చాలా కఠినమైన హద్దు ఉండేది. జనం రోజూ గంటల తరబడి మసలే చోట్ల మీటరుకు 6 వోల్టులు. అంతర్జాతీయ మార్గదర్శకాలను అనుసరించే ఇతర ఐరోపా దేశాల్లో అది, 5జీ వాడే పౌనఃపున్యాల దగ్గర, 61 వోల్టుల దాకా ఉంటుంది. హద్దు తక్కువైతే కంపెనీలు ఎక్కువ స్తంభాలు వేయాలి, ఖర్చు పెరుగుతుంది. కొలావో సంఘం ఈ హద్దును ఐరోపా స్థాయికి తేవాలని, హద్దుకు లోబడి ఉన్న స్తంభాలను స్థానిక సంస్థలు అడ్డుకోకుండా చూడాలని సూచించింది.

శాస్త్రం తెలిసినవారిలో ఎక్కువమంది ఈ సూచనను సమర్థిస్తారు. నాకు తెలిసినంతలో నేనూ సమర్థిస్తాను. కాని ఆ మాటను పలికిన నోరు ఎవరిది? ఇరవయ్యేళ్ళు మొబైల్ కంపెనీలో పనిచేసి, పదేళ్ళు దాని అధిపతిగా ఉండి, ఆ వేళకు వెరైజన్ సంచాలక మండలిలోనూ, జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి సంస్థకు సలహాదారుగానూ ఉన్న మనిషిది. ఊళ్ళో తల్లి తన పిల్లవాడి బడి పక్కన స్తంభం వద్దంటున్నది. ఆమె భయం నిరాధారమే కావచ్చు. ఆ భయాన్ని తీర్చవలసింది ఎవరు? స్తంభంతో లాభనష్టాల సంబంధం లేని ఒక నిష్పక్షపాతి. ఆ స్థానంలో స్తంభాల వ్యాపారంలో తలపండినవాణ్ణి నిలబెడితే ఆమె నమ్మదు, నమ్మకపోవడంలో ఆమె తప్పు ఇసుమంతైనా లేదు. కొలావో అబద్ధమాడాడని నేనడం లేదు. ఆయన నిజమే చెప్పాడు. ఆయన నోటి నుంచి రావడం వల్ల నిజం కూడా అనుమానాస్పదమైంది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కదు. చివరికి ఆ హద్దు 2024లో 15 వోల్టులకు పెరిగింది, అదీ మరో ప్రభుత్వం చేతుల మీదుగా.

2021 ఫిబ్రవరి 13న మారియో ద్రాగి ప్రభుత్వం ఏర్పడింది. కొలావో సాంకేతిక నవీకరణ, డిజిటల్ పరివర్తన శాఖ మంత్రి అయ్యాడు. ఒక్క ఓటూ అడగలేదు, ఒక్క ఓటూ పడలేదు. మన రాజ్యాంగం ప్రకారం చట్టసభ సభ్యుడు కానివాడు మంత్రి అయితే ఆరు నెలల్లో సభ్యుడు కావాలి, కాకపోతే దిగిపోవాలి. పెద్దల సభ అనే పెరటి దారి ఉందనుకోండి, అయినా ఏదో ఒక గడప తొక్కాలి. ఇటలీ రాజ్యాంగంలో ఆ నిబంధనే లేదు. 92వ అధికరణం ప్రకారం ప్రధాని సూచిస్తాడు, రాష్ట్రపతి నియమిస్తాడు, అంతే. పార్టీలు చేతులెత్తేసినప్పుడల్లా వాళ్ళకు "నిపుణుల ప్రభుత్వం" గుర్తుకొస్తుంది. 1993లో చాంపి, 1995లో లాంబెర్తో దీనీ, 2011లో మోంతి, 2021లో ద్రాగి. ముప్పయ్యేళ్ళలో నాలుగుసార్లు వాడిన మందును ఇక మందనడం కష్టం. రోగి అలవాటుపడ్డాడు.

మంత్రిగా కొలావో పని బాగానే చేశాడని ఒప్పుకోవాలి. ఐరోపా సమాజం ఇటలీ కోలుకోవడానికి కేటాయించిన 19,150 కోట్ల యూరోలలో నాలుగోవంతుకు పైన డిజిటల్ లక్ష్యాలకు పోవలసి ఉంది. 2026 నాటికి అందరికీ ఒక గిగాబిట్ వేగం, డెబ్భై శాతం జనానికి డిజిటల్ గుర్తింపు, డెబ్భై ఐదు శాతం ప్రభుత్వ కార్యాలయాల సమాచారం క్లౌడ్ మీదికి... ఇలా తేదీలూ శాతాలూ వేసి పెట్టాడు. టెండర్లు చాలావరకు అనుకున్న కాలానికే పిలిచాడు. ఇటలీ మంత్రుల్లో అది చిన్న విషయం కాదు.

అయితే ఆ టెండర్లలో ఒకటి 5జీ అందని ప్రాంతాల్లో స్తంభాలు వేసేవారికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే పథకం. 2022 జూన్‌లో అది ఇన్విట్, టిమ్, వోడాఫోన్ ఇటలీ సంస్థల కూటమికి దక్కింది. దాదాపు 35 కోట్ల యూరోల ప్రజాధనం. ఇన్విట్ అంటే ఎవరు? టిమ్ స్తంభాలనూ వోడాఫోన్ స్తంభాలనూ 2020లో కలిపి పెంచిన కంపెనీ. మళ్ళీ చెబుతున్నాను, ఇందులో కుట్ర లేదు, నేరం లేదు. దేశంలో ఆ పని చేయగలవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నప్పుడు వారిలో ఒకరికి దక్కకుండా ఎలా ఉంటుంది? ఆ మాటే నేనూ అంటున్నాను. ముగ్గురో నలుగురో ఉన్న రంగంలో వారిలో ఒకరి మాజీ అధిపతిని ఆ రంగానికే మంత్రిని చేస్తే, నిజాయితీగా జరిగిన పనికీ నిజాయితీ లేని పనికీ బయటి నుంచి చూసేవాడికి తేడా కనపడదు. చేనుకు కంచె వేసేది పశువు దొంగదని కాదు కదా. పశువుకు మేత మీద ధ్యాస సహజమని.

ఇది ఒక్క మనిషి కథ అయితే ఇంత రాయనక్కరలేదు. దొమేనికో సినిస్కాల్కో ఆర్థికమంత్రిగా ఉండి 2005లో దిగి, ఏడాదికే మోర్గన్ స్టాన్లీలో చేరాడు. విత్తోరియో గ్రిల్లి మోంతి ప్రభుత్వపు ఆర్థికమంత్రి, 2014లో జేపీ మోర్గన్‌కు వెళ్ళాడు. భౌతికశాస్త్రవేత్త రొబెర్తో చింగొలాని ఆయుధాల సంస్థ లెయొనార్దో నుంచి వచ్చి 2021లో పర్యావరణ పరివర్తన మంత్రి అయ్యాడు, 2023లో అదే లెయొనార్దోకు అధిపతిగా తిరిగి వెళ్ళాడు. 2004లో చేసిన ఒక చట్టం ఉంది, పదవి దిగిన మంత్రి తన శాఖతో ముడిపడ్డ రంగంలోని కంపెనీల్లో పన్నెండు నెలలపాటు చేరరాదని. ఆ చట్టాన్ని చేసింది బెర్లుస్కోనీ ప్రభుత్వం! టీవీ చానళ్ళ యజమాని ప్రధానిగా ఉండి ప్రయోజన సంఘర్షణ మీద చేసిన చట్టం ఎంత పదునుగా ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా పన్నెండు నెలలంటే ఎంత? ఒక మనిషి స్నేహాలూ, ఫోన్ నంబర్లూ, ఆలోచించే తీరూ పాతబడడానికి ఏడాది ఏ మూలకు?

"మరి ఎవరు పాలించాలయ్యా, పనిరానివాళ్ళా?" అని అడుగుతారు. అడగవలసిందే. నిపుణులు ప్రభుత్వానికి కావాలి. సలహా ఇవ్వండి, శాఖల కింద పనిచేయండి, జీతం పుచ్చుకోండి. నిర్ణయం మీద సంతకం పెట్టేవాడు మాత్రం రేపు తన తప్పుకు ఓటు పోగొట్టుకోగలవాడై ఉండాలి. ఇందాక పేరు చెప్పిన పస్సేరానే చూడండి. బ్యాంకు అధిపతిగా ఉండి మోంతి ప్రభుత్వంలో మంత్రి అయ్యాడు. దిగాక 2014లో సొంత పార్టీ పెట్టాడు. జనం పట్టించుకోలేదు, రెండేళ్ళకే అది మూతపడింది, ఆయన మళ్ళీ బ్యాంకు పెట్టుకున్నాడు. అందరూ నవ్వారు. నా దృష్టిలో మాత్రం ఆ ఓడిపోయిన పస్సేరా ఎన్నడూ పోటీ చేయని నిపుణులందరికంటే ఒక మెట్టు పైన ఉన్నాడు. ఆయన తనను తాను జనం ముందు నిలబెట్టుకున్నాడు, వాళ్ళు వద్దన్నారు, ఆయన విన్నాడు.

వెరైజన్ అమ్మకం దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీద్దాం. ఖజానాకు ఎంత తక్కువ ఇచ్చి వాటాదారుకు ఎంత ఎక్కువ ఇవ్వగలనన్నది నిర్వాహకుడి జీవితకాలపు సాధన. అందులో అధర్మం లేదు. కాని నలభై ఏళ్ళ సాధన ప్రమాణ స్వీకార పత్రం మీద సంతకంతో తలకిందులవుతుందని నమ్మడానికి ఎంత భక్తి కావాలి? సంగీతంలో ఒక బాణీ పట్టుబడ్డ గొంతు మరో బాణీకి మారడానికే ఏళ్ళు పడుతుంది. మరి పాలనలో కోటు మార్చినంత తేలికా? పైగా ఆయనకు తెలుసు, మంత్రి పదవి ఏడాదో రెండేళ్ళో, సంచాలక మండళ్ళు శాశ్వతమని. ఇటలీలో ప్రభుత్వాల సగటు ఆయుష్షు తెలిసిన ఎవరికైనా తెలుసు.

ద్రాగి ప్రభుత్వం 2022 అక్టోబరు 22న దిగిపోయింది. 2022 ముగియకముందే కొలావో పేరు వెరైజన్ సంచాలక మండలిలో మళ్ళీ చేరింది. ఆ తరవాత జనరల్ అట్లాంటిక్ ఆయనను ఉపాధ్యక్షుణ్ణి చేసింది. ఆయన మొదటి అడుగు వేసిన ఓమ్నిటెల్, అదే వోడాఫోన్ ఇటలీ, 2024లో 800 కోట్ల యూరోలకు స్విస్‌కామ్ పరమైంది. స్విస్‌కామ్‌లో సగానికి పైగా వాటా స్విట్జర్లాండు ప్రభుత్వానిది.